మతిమరుపు భయమా? ముందు చెవులు చూపించుకోండి

ప్రశ్న:

డాక్టరుగారికి నమస్కారం. నాకు 63 ఏళ్ళు. విశాఖపట్నంలో గాజువాక వైపు ఉంటాం. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మ రెండేళ్ళ కిందట, 84వ ఏట పోయింది. చివరి ఆరేళ్ళూ డిమెన్షియాతో, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బుతో, నా దగ్గరే ఉంది. ఆఖర్లో నన్ను వాళ్ళ అక్క అనుకునేది. ఇప్పుడు నాకు పేర్లు గుర్తురావడం లేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలు బజార్లో కనబడి పలకరిస్తే ముఖం తెలుస్తుంది, పేరు రాదు. రాత్రంతా అదే టెన్షన్. జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

మావారికి 69. ఒక ఫ్యాక్టరీలో పాతికేళ్ళ పైన మెషిన్ల మోతలో పనిచేశారు. ఇప్పుడు టీవీ పెడితే వీధి చివరకు వినిపిస్తుంది. చెవిటి మిషన్ కొన్నాం. నాలుగు రోజులు పెట్టుకుని బీరువాలో పడేశారు.

పొద్దున్నే పార్కులో నడిచే మా ఆడవాళ్ళలో ఈ జబ్బు మాట వస్తే ఒకరు వంశపారంపర్యం అంటారు. ఒకరు బాదంపప్పు, సరస్వతి ఆకు తినమంటారు. ఇంకొకామె "వయసైపోనాక ఏటుంటాదమ్మా, చాదస్తమే గదా" అంటుంది. నేను టీచర్ని కాబట్టి వచ్చే నెల మా పెద్దవాళ్ళ సంఘం సమావేశంలో దీని గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం చెప్పమంటారు?

సమాధానం:

టీచరుగారూ, ముందు మీ రాత్రి టెన్షన్ సంగతి చూద్దాం. సభ సంగతి తరవాత.

ముప్పై ఏళ్ళ సర్వీసులో మీ ముందు కూర్చున్న పిల్లలు వేలల్లో ఉంటారు. పదేళ్ళప్పుడు చూసిన పిల్లాడు మీసాలతో, భుజాన కూతురితో ఎదురైతే ముఖం పట్టారంటే మీ జ్ఞాపకం బాగానే పనిచేస్తున్నట్టు. పేరు అప్పటికప్పుడు నోటికి రాకపోవడం, ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే హఠాత్తుగా తట్టడం వయసుతో అందరికీ వచ్చేదే. పేరు లోపలే ఉంది, తీసుకురావడం ఆలస్యమవుతోంది, అంతే.

నన్ను కంగారుపెట్టే మతిమరుపు వేరే తీరులో ఉంటుంది. అడిగిన ప్రశ్నే పది నిమిషాల్లో మళ్ళీ అడగడం, చెప్పిన జవాబు కాదు, అడిగిన సంగతే గుర్తులేకపోవడం. నలభై ఏళ్ళుగా పెట్టిన పులుసులో దేని తరవాత ఏది వెయ్యాలో తెలియక పొయ్యి దగ్గర నిలబడిపోవడం. రోజూ వెళ్ళే రైతు బజారు నుంచి ఇంటికి దారి తప్పడం. కూరగాయలాయనకి ఐదు వందల నోటిచ్చి చిల్లర ఎంత రావాలో తేల్చుకోలేకపోవడం. ఇలాంటివి చాలాసార్లు ఆ మనిషి కంటే ఇంట్లోవాళ్ళే ముందు పట్టుకుంటారు. మా ఓపీకి "నాకు మతిమరుపండీ" అంటూ ఒంటరిగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నిద్ర లేకో, దిగులుతోనో వచ్చినవాళ్ళే. పక్కనున్న కోడలు మాట్లాడుతుంటే తాను మాత్రం "నాకేం లేదు, వీళ్ళే తెచ్చారు" అన్నవాళ్ళని నేను ఎక్కువసేపు చూసేదాన్ని.

అయినా ఒక్కసారి చూపించుకోండి. బీ12 విటమిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు వస్తుంది. రెండూ మందులకు లొంగేవే. మాంసం, గుడ్లు తినని ఇళ్ళలో, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తరచుగా తక్కువగా ఉంటుంది. నిద్ర మాత్రలు, జలుబుకి వేసుకునే కొన్ని పాతరకం మాత్రలు కూడా పెద్దవాళ్ళలో బుర్రని మొద్దుబారుస్తాయి. మీరు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.

ఇంకొక మాట. ఆరేళ్ళు అమ్మని చూసుకున్నారు. తల్లి కళ్ళల్లోకి చూసి "నేను నీ కూతుర్నమ్మా" అని రోజూ చెప్పుకోవడం ఎంత కష్టమో నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఆవిడ పోయాక మీ కోసం మీరు ఏడ్చారా? లోపల అణిచిపెట్టిన దిగులు మతిమరుపులాగే కనిపిస్తుంది. పైగా పట్టించుకోని డిప్రెషన్ ముందుముందు డిమెన్షియాకి ఒక కారణం కూడా. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే సైకియాట్రిస్టుతో మాట్లాడండి. అంత దూరం వెళ్ళడానికి ఇబ్బందైతే మానసిక సమస్యలకి ప్రభుత్వం ఫోన్‌లో నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. డబ్బులక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

జీన్ టెస్ట్ వద్దు. కచ్చితంగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే అల్జీమర్స్ రకం డిమెన్షియా చాలా అరుదు, అది సాధారణంగా అరవై దాటకముందే మొదలవుతుంది. మీ అమ్మగారికి 78లో మొదలైంది. అది ఆ రకం కాదనే చెప్పవచ్చు. అపోఈ4 అనే జన్యువు ఉంటే ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ అది ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, లేనివాళ్ళు తప్పించుకోనూ లేరు. ఆ కాగితం మీకు ఇచ్చేది మరికొన్ని నిద్రలేని రాత్రులే. కాగితంలో ఏం వచ్చినా రేపటి నుంచి మీరు చెయ్యాల్సిన పనులు మాత్రం మారవు. ఆ డబ్బుతో ఇద్దరూ చెవి పరీక్ష, కంటి పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి.

చెవి, కన్ను, కొలెస్ట్రాల్ అంటే మతిమరుపుకి ఏం సంబంధం అని మీ పార్కు ఆడవాళ్ళు అడుగుతారు. సభలో మీరు చెప్పాల్సింది సరిగ్గా అదే. లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి కొన్నేళ్ళుగా ఈ లెక్క తీస్తోంది. డిమెన్షియాకి దారితీసేవాటిలో మనం మార్చుకోగల కారణాలు 2017లో 9 అన్నారు. 2020లో 12 అన్నారు. 2024లో చూపు తగ్గడం, చెడు కొలెస్ట్రాల్ కలిపి 14 అన్నారు. ఈ పద్నాలుగూ లేకుండా చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో, వెనక్కి నెట్టడమో కుదురుతుందని వాళ్ళ అంచనా. ఇది జనం మొత్తం మీద వేసిన లెక్క అని సభలో విడమరిచి చెప్పండి. "ఇవన్నీ పాటిస్తే నాకు 45 శాతం ముప్పు పోతుంది" అని ఎవరూ ఇంటికెళ్ళకూడదు. అన్నీ పాటించినవాళ్ళకీ రావచ్చు. మీ అమ్మగారికి వచ్చిందంటే అది ఆవిడ తప్పూ కాదు, మీ తప్పూ కాదు.

ఆ పద్నాలుగు ఏమిటంటే, చిన్నప్పుడు చదువు లేకపోవడం; నడివయసులో వినికిడి తగ్గడం, చెడు కొలెస్ట్రాల్, డిప్రెషన్, తలకి దెబ్బలు, ఒళ్ళు కదపకపోవడం, షుగరు, పొగ, బీపీ, ఊబకాయం, అతిగా తాగడం; పెద్దవయసులో ఒంటరితనం, కలుషితమైన గాలి, చూపు తగ్గడం. సభలో మాత్రం ఈ జాబితా చదవకండి. మూడోదాని దగ్గరే అందరూ ఫోన్లు తీస్తారు. ఒక్క చెవి గురించి బాగా చెప్పండి, మిగతావి దాని వెనక వాటంతటవే వస్తాయి.

చెవి ఎందుకంటే, ఆ జాబితాలో అన్నిటికన్నా పెద్ద వాటా ఉన్న రెండిట్లో అది ఒకటి. ఆ 45లో వినికిడి తగ్గడం, చెడు కొలెస్ట్రాల్, చెరి 7. అయినా మన ఇళ్ళలో దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. కళ్ళజోడు పెట్టుకోవడం పెద్దరికం, మిషన్ పెట్టుకోవడం నామోషీ.

మా నాన్నగారి సంగతి చెబుతాను. ఆయన వన్ టౌన్‌లో చదరంగం ఆడేవారు. సాయంత్రం ఐదయ్యేసరికి అరుగు మీద పెట్టె తెరవాల్సిందే. 76, 77 ఏళ్ళప్పుడు వెళ్ళడం తగ్గించేశారు. "ఎందుకులే, వాళ్ళందరూ గొణుగుతారు" అనేవారు. ఇంట్లో ఏమన్నా "ఆఁ ఆఁ" అని తలూపేవారు. మందులు వేసుకున్నారా అంటే "ఆఁ ఆఁ". చూస్తే వేసుకోలేదు. మనవడు పరీక్ష పాసయ్యానంటే "ఎవరు పోయారు?" అని అడిగారు. నేను డాక్టర్ని. డిమెన్షియా మొదలైందని నేనే తేల్చేశాను. నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను. ఆయన ఎదుటే ఆయన గురించి మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకునేవాళ్ళం. చివరికి వేరే పనిమీద ఇంటికొచ్చిన నా జూనియర్ ఒకమ్మాయి చెవిలో లైటు వేసి చూసి, "మేడమ్, రెండు వైపులా గులిమి బిగుసుకుపోయింది" అంది. అది తీయించాక కొంత తేలికపడింది. పరీక్ష చేయిస్తే అసలు వినికిడే సగానికి పైగా పోయిందని తేలింది. మిషన్ అలవాటయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర నా వైపు చూసి, "నువ్విన్నాళ్ళూ నా గురించి ఇన్ని మాట్లాడేదానివా?" అన్నారు. ఆ మాట నేను పోయేదాకా మరిచిపోను.

చదరంగానికి మళ్ళీ వెళ్ళారు. అయితే అప్పటికి అరుగు మీద ఇద్దరే మిగిలారు.

ఆయనకి 86వ ఏట నిజంగానే డిమెన్షియా వచ్చింది. కాబట్టి మిషన్ తాయెత్తు అని నేను చెప్పను. కానీ ఆ మధ్యలో దొరికిన ఏళ్ళు ఆయనవి, ముందు పోయిన నాలుగేళ్ళు నా వల్ల పోయినవి.

చెవికీ మెదడుకీ లంకె ఏమిటో సభలో ఇలా చెప్పవచ్చు. ఎదుటివాళ్ళ మాట సగమే చెవిన పడితే మిగతా సగం మెదడు ఊహించి పూరించుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పనిలోనే అలిసిపోతే గుర్తుపెట్టుకోవడానికి ఓపిక మిగలదు. వినపడకపోతే మనిషి మాటలు తగ్గించుకుంటాడు, పెళ్ళిళ్ళకి మానేస్తాడు, గదిలో కూర్చుంటాడు. శబ్దాలు అందకపోతే మెదడులో వాటికి సంబంధించిన భాగాలూ బలహీనపడతాయి. మాట చెవిన పడటమే మెదడుకి వ్యాయామం.

మిషన్ పెట్టుకుంటే లాభముందా అని ఎవరైనా గట్టిగా అడిగితే దాచకుండా చెప్పండి. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్య వయసుండి వినికిడి తగ్గిన 977 మందిలో కొందరికి మిషన్లిచ్చి, కొందరికి ఇవ్వకుండా మూడేళ్ళు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు. కానీ బీపీ, షుగరు లాంటి ముప్పులు ఎక్కువగా ఉన్న గుంపులో, మిషన్ పెట్టుకున్నవాళ్ళకి జ్ఞాపకం, ఆలోచన తగ్గే వేగం దాదాపు సగం, 48 శాతం, తగ్గింది. మన సభల్లో కూర్చునేవాళ్ళలో బీపీ, షుగరు లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఈ ఫలితం మనకి ముఖ్యం.

వైజాగ్‌లో ఇది మరీ ముఖ్యం. మనది మెషిన్ల ఊరు. పోర్టు, ఓడల పని, ఉక్కు, నూనె శుద్ధి, ఇంజనీరింగ్ వర్క్‌షాపులు. 85 డెసిబుల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిది గంటలు ఏళ్ళ తరబడి ఉంటే చెవి లోపలి సన్నని కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. మీవారిలాంటి వాళ్ళు గాజువాక, మల్కాపురం, సింధియా, కంచరపాలెం వీధుల్లో ఇంటికొకరు ఉంటారు. మోతలో చెడిన చెవికి ముందు కీచుమనే సన్న శబ్దాలు పోతాయి. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు. అందుకే "అరవకు, నాకు వినబడుతోంది" అని విసుక్కుంటారు. ఆడవాళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు ముందుగా అందకుండా పోతాయి. "నా మాటే వినరు మా ఆయన" అనే భార్యల్లో కొందరిది నిజంగా చెవి సమస్యే.

బీపీ గురించి చెప్పేటప్పుడు లెక్చరివ్వకండి. ఒక బీపీ మిషన్ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టండి. మాటలయ్యాక వరసగా చూసి, ఎవరి అంకె వాళ్ళ చేతిలో చీటీ మీద రాసివ్వండి. మా ఓపీలో రోజూ వినే మాట, "తలనొప్పి ఉన్న రోజు వేసుకుంటానండీ". బీపీకి నొప్పి ఉండదు. తలనొప్పి రాకుండానే మెదడు లోపలి సన్న రక్తనాళాల్ని ఏళ్ళపాటు దెబ్బతీస్తూ ఉంటుంది. కొన్ని చిన్న చిన్న పక్షవాతాలు మనిషికి తెలియకుండానే వచ్చి పోతాయి, వాటి జాగాలన్నీ కలిసి ఒకనాటికి మతిమరుపుగా బయటపడతాయి. నలభై దాటినప్పటి నుంచి పై అంకె 130 లేదా అంతకంటే తక్కువ ఉండేలా చూసుకోమని ఆ నిపుణుల బృందం చెప్పింది. 80 దాటినవాళ్ళు, లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం ఎంత ఉండాలో తమ డాక్టరుతోనే తేల్చుకోవాలి. ఉప్పు మాటకొస్తే, మన ఉత్తరాంధ్రలో ఆవకాయ, ఊరమిరపకాయ, ఎండుచేప, వడియం లేకుండా ముద్ద దిగదు. పూర్తిగా మానెయ్యమంటే ఎవరూ మానరు. రోజుకి ఒక్కటే అనండి. ఆవకాయ వేసుకున్న రోజు ఎండుచేప లేదు. అలా చెబితే మా పేషెంట్లు విన్నారు.

మీ సభకి వచ్చేవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలియాలి. ఆ జాబితాలో ఎక్కువ భాగం నలభైల్లో, యాభైల్లో దెబ్బతీసేవి. అంటే అక్కడ కూర్చున్న అరవై, డెబ్భై ఏళ్ళవాళ్ళు బాగుచేసుకోవాల్సినవి చాలా ఉన్నా, అసలు వినాల్సినవాళ్ళు ఆ వేళకి షిఫ్టులోనో, ఆఫీసులోనో ఉంటారు. అందుకని ఆదివారం పెట్టించండి. ఒక్కొక్కరినీ ఇంటి నుంచి 45 ఏళ్ళ కొడుకునో, కోడలినో, అల్లుణ్ణో తీసుకురమ్మనండి. ఆ వయసువాడికి కొలెస్ట్రాల్ పరీక్ష ఎప్పుడు చేయించావంటే, ఉద్యోగంలో చేరేటప్పుడు అంటాడు.

పొగ సంగతి మన వైపు కొంచెం వేరు. ఇక్కడ ఆడవాళ్ళు కూడా చుట్ట కాలుస్తారు, అదీ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అడ్డచుట్ట అంటే నోటి క్యాన్సర్ అని చాలామందికి ఇప్పుడు తెలుసు, మతిమరుపుకి కూడా పొగ దారి తీస్తుందని తెలియదు. మీ సంఘంలో అలాంటి పెద్దావిడ ఉంటే నలుగురిలో పేరెత్తకండి. పక్కకి పిలిచి చెప్పండి. డెబ్భైలో మానేసినా ఒంటికి మేలే. గాలి మాత్రం ఒక్కరి చేతిలో ఉన్నది కాదు. పాత ఊర్లో, పోర్టు పక్క వీధుల్లో కిటికీ రెక్క మీద వేలితో గీస్తే నల్లగా అంటుకుంటుంది. అక్కడివాళ్ళు పొద్దున తుడిచింది సాయంత్రానికి మళ్ళీ తుడుస్తారు. ఆ పొడి ఊపిరితిత్తుల వరకే ఆగదని, గాలి కాలుష్యం మెదడుకీ ముప్పని సభలో తప్పకుండా అనండి. దాని మీద అర్జీ పెట్టేటప్పుడు పెద్దవాళ్ళ సంఘాలు ఈ సంగతి కూడా రాయాలి.

ఒంటరితనం గురించి మీ గుంపుకి నేను చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నే పార్కులో పదిమంది కలిసి నడుస్తూ మాట్లాడుకుంటున్నారంటే ఆ జాబితాలో రెండు ముప్పులకి ఒకేసారి మందు వేసుకుంటున్నారు. పార్కుకి రానివాళ్ళ గురించే నా బెంగ. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి, ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో అపార్టుమెంటు తలుపు వేసుకుని ఉండేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తు దిగలేనివాళ్ళు. భర్త పోయాక గుడికి కూడా వెళ్ళడం మానేసిన ఆడవాళ్ళు. వీడియో కాల్ మంచిదే, కానీ పక్కింటామె గిన్నెలో కూర పట్టుకొచ్చి అరగంట కూర్చోవడం వేరు. మీ సంఘంలో ఇద్దరిద్దరు కలిసి వారానికి ఒక ఇంటికి వెళ్ళే ఏర్పాటు చేయగలిగితే నా పది నిమిషాల మాటలకన్నా అది వందరెట్లు మేలు. దిక్కులేనివాళ్ళు తారసపడితే పెద్దవాళ్ళ కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు బోర్డు మీద రాసిపెట్టండి.

కళ్ళకి శుక్లాలు వస్తే ముదిరేదాకా ఆగుదాం అనడం పాతకాలపు మాట. ఇప్పుడు ఆగనక్కరలేదు. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో డిమెన్షియా తక్కువగా వచ్చినట్టు పరిశోధనల్లో కనిపించింది. తలదెబ్బ గురించి ఒక్క మాట. బండి మీద వెనక పక్కకి తిరిగి కూర్చునే ఆడవాళ్ళకి హెల్మెట్ ఉండదు. నడిపే కొడుక్కి ఉంటుంది. ఆ హెల్మెట్ రెండోది కొనమనండి. బాత్రూములో జారిపడి తల గోడకి తగిలినవాళ్ళు నాలుగు వారాల తరవాత కొత్తగా మతి తప్పినట్టు ప్రవర్తిస్తే అది వయసు కాదు, తలలో నెమ్మదిగా రక్తం చేరి ఉండవచ్చు. వెంటనే స్కాన్ తీయించాలి. అలాగే నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో అయోమయంగా మాట్లాడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో ఉప్పు తగ్గడమో, షుగరు పడిపోవడమో అయి ఉండవచ్చు. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

బాదంపప్పు తిననివ్వండి. గుప్పెడు బాదంపప్పుతో నష్టమేం లేదు. సరస్వతి ఆకు పప్పులో వేసుకుంటే రుచిగా ఉంటుంది. కానీ అవి డిమెన్షియాని ఆపుతాయని నిరూపణ లేదు. బీపీ మాత్ర మానేసి ఆకు తింటేనే గొడవ. ఆ తేడా ఒక్కటి స్పష్టంగా చెప్పండి.

"వయసైపోనాక చాదస్తమే గదా" అనే ఆమెకి జవాబు జాగ్రత్తగా ఇవ్వాలి. ఎందుకంటే ఆ మాటలో ప్రేమ కూడా ఉంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని పిచ్చివాళ్ళని వెలివెయ్యకుండా ఇన్ని తరాలు కాపాడింది "చాదస్తం" అనే ఆ మెత్తని మాటే. కానీ దాని చాటున వైద్యం అందకుండా పోతోంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే అంచనా. తిరగేసి చూడండి. నూటికి తొంభై మందికి పైగా లేదు. వయసుతో అందరికీ వచ్చేదే అయితే ఆ తొంభై మందికి ఎందుకు రాలేదు? మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువగా ఉందనీ అదే సర్వే చెప్పింది. చిన్నప్పుడు బడికి పంపని ఆడపిల్లలు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. చదువు లేకపోవడం కూడా ఆ జాబితాలో ఉందన్నాను కదా. తెలుగు టీచరుగా మీరు ముప్పై ఏళ్ళు చేసిన పని ఎంతమంది మెదళ్ళకి కాపు కాసిందో మీకు తెలియదు. మీ సంఘంలో అక్షరాలు రాని పెద్దావిడ ఉంటే ఇప్పుడు నేర్పండి. ఎంత ఆలస్యమైనా కొత్త విద్య మెదడుకి పనే.

ఇక మీవారి మిషన్. దాన్ని బీరువాలోంచి తీయించే బాధ్యత మీది. నాలుగు రోజుల్లో ఎందుకు తీసేశారో నేను ఊహించగలను. ఏళ్ళ తరబడి సద్దుమణిగిన ప్రపంచం ఒక్కసారిగా మీద పడి ఉంటుంది. ఫ్యాను గరగర, గిన్నెల చప్పుడు, తన నమిలే శబ్దం, అన్నీ ఒకే ఎత్తున. మెదడు వాటిని మళ్ళీ వేరుచేసుకోవడం నేర్చుకోవడానికి నెలన్నా పడుతుంది. మొదటి వారం ఇంట్లోనే, ఫ్యాను చప్పుడు లేని గదిలో, రోజుకి గంట. మీరు ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో పేపరు చదివి వినిపించండి. టీచరు గొంతు కదా, అంతకంటే మంచి పరీక్ష లేదు. తరవాత రెండు గంటలు, ఆపైన సగం రోజు. పెళ్ళికీ, పూర్ణా మార్కెట్‌కీ మొదటి నెలలో పెట్టుకుని వెళ్ళొద్దనండి. అక్కడ మంచి చెవులున్నవాళ్ళకే మాటలు వినబడవు. రెండు వారాల తరవాత మిషన్‌తో సహా ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ అమర్చేవారి దగ్గరికి వెళ్ళి సౌండు సరిచేయించండి. కొని తెచ్చుకున్నాక రెండోసారి వెళ్ళకపోవడం వల్లే చాలా మిషన్లు బీరువాల్లో ఉన్నాయి. వెళ్ళేముందు చెవిలో గులిమి ఉందేమో చూపించండి. ఇంట్లో పుల్లలు, పిన్నీసులు పెట్టకండి.

ఆయన్ని ఒక్కరినే తీసుకెళితే "నన్ను చెవిటివాణ్ణి చేస్తున్నారు" అంటారు. అందుకని మీరూ పరీక్ష చేయించుకోండి, ఆయన పక్కనే కూర్చుని. 63లో మీకూ అవసరమే. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి వేరుగా ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. మిషన్ కొనలేనివాళ్ళు మీ సంఘంలో ఉంటే, 60 దాటిన తక్కువ ఆదాయం వాళ్ళకి చెవి మిషన్లు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఉంది, రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. కలెక్టరేటులో వయోవృద్ధుల సంక్షేమ శాఖని అడిగితే శిబిరం ఎప్పుడో చెబుతారు. సంఘం తరఫున పేర్లన్నీ కలిపి ఒకే దరఖాస్తుగా పట్టుకెళితే పని తొందరగా కదులుతుంది.

సభ రోజు మీవారిని ముందు వరసలో కూర్చోబెట్టండి, మిషన్ పెట్టుకుని. మీరు మాట్లాడింది ఎంత అందిందో ఇంటికొచ్చాక ఆయన్నే అడగండి. తరవాత ఆ వీధిలోంచి ఎంతమంది చెవి చూపించుకోవడానికి వెళ్ళారో నాకు ఉత్తరం రాయండి.